వెనక్కి నడవని రైలు

రిటైరయ్యే ముందు బడిలో తోటి టీచర్లు నా దగ్గరకు వచ్చి, శాలువా ఏ రంగుది తెమ్మంటారని అడిగారు. ఒకరికి కప్పిన ఇంట్లో పుట్టినదాన్ని, కప్పించుకునే అలవాటు మాకు లేదని చెప్పాను. పోనీ వెండి కుంకుమ భరిణె అన్నారు. అదీ వద్దు, బొమ్మ రైలు ఇప్పించమన్నాను. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరికోసమని ఒకావిడ మెల్లగా అడిగితే, నాకేనని చెప్పాను.

అలా హైదరాబాద్ నుంచి ఒక అట్టపెట్టె మణుగూరులోని మా కిరాయి ఇంటికి వచ్చింది. అందులో ఒక ఇంజను, మూడు పెట్టెలు, కరెంటు డబ్బా, గుండ్రంగా పేర్చుకోవడానికి సరిపడా పట్టాలు ఉన్నాయి.

రైలే ఎందుకంటే దానికో కథ ఉంది. మా ఊరు గోదావరి అవతల, చర్ల పోయే దారిలో అడవి అంచున ఉంటుంది. మా తాత కాలంలో అటు రైలు వేస్తారని ఎవరో వచ్చి, గొలుసులతో కొలిచి, కొయ్య మేకులు పాతి వెళ్లారట. తాత పట్టాలు వచ్చేదాకా ఆగలేదు. మేకుల వరస పక్కనే, రైలు దిగేవాళ్ల కోసమని, నడుమెత్తు రాతి అరుగు కట్టించాడు. రైలు మాత్రం గోదావరి ఇవతలే, మణుగూరులో ఆగిపోయింది. తర్వాత మా పొలాలు పోయాయి, ఇల్లు పోయింది, జీపు పోయింది. అరుగును ఎవరూ కొనలేదు, దేనికీ పనికిరాదని. ఇప్పుడు దానిమీద మిర్చి ఆరబోస్తారు. ఊళ్లో దాన్ని ఇప్పటికీ టేసన్ అనే అంటారు. నేను చిన్నప్పుడు బడికి పోతుంటే, "రైలొచ్చే యాళైంది, జల్దీ నడువు దొరసానీ" అని నవ్వేవాళ్లు. నేను మెడ తిప్పకుండా నడిచేదాన్ని.

ఆ అరుగు ముందుకు ఒక్క రైలన్నా రావాలని అప్పటినుంచీ నా మనసులో ఉంది. నిజం రైలు నా చేతిలో లేదు. ప్లైవుడ్ మీద తెప్పించుకోవడం నా చేతిలో ఉంది.

ఈ సంగతి తెలిసి మొదట నవ్వింది మా వియ్యపురాలు. ఆమె భర్త బొగ్గు గనిలో పనిచేసి రిటైరయ్యాడు. ఆమె పుట్టి పెరిగిందీ కాపురం చేసిందీ బొగ్గు లైను పక్క క్వార్టర్లలోనే. వ్యాగన్ల చప్పుడు లేకపోతే ఆమెకు నిద్ర పట్టదు. మా అమ్మాయీ వాళ్లబ్బాయీ ఇష్టపడి పెళ్లి చేసుకున్నారు. పెళ్లిలో మేమిద్దరం ఒకరికొకరం ఎంత మర్యాద చేసుకున్నామంటే, ఆ తర్వాత ఏడాది దాకా మా మధ్య మాట కలవలేదు. రైలు పెట్టె విప్పిన రోజున కలిసింది.

"ఏంది వదినా, రైలు చప్పుడు బయట చాలదని ఇంట్లకు గూడ తెచ్చుకున్నవా?" అంది. నవ్వడం అయ్యాక కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆనాటి నుంచి దాదాపు రోజూ వచ్చేది.

పెట్టెతో వచ్చిన పట్టాలు నాకు చాలవు. ఇంకా కొనాలంటే అందులో రకాలున్నాయని అప్పుడు తెలిసింది. పొడుగ్గా వచ్చి, ఎటు కావాలంటే అటు వంగే పట్టా ఒకటి. అందంగా ఉంటుంది గానీ, కోసుకోవాలి, మేకులు కొట్టుకోవాలి, వంపు సరిగ్గా రాకపోతే బండి పడిపోతుంది. రెండోది ముక్కలు ముక్కలుగా, కింద కంకర ఆకారంలో ప్లాస్టిక్ దిమ్మతో వచ్చేది. టక్కున బిగుస్తుంది, టక్కున ఊడుతుంది. ఇల్లు మాది కాదు గనక ఎప్పుడు లేపి ఎక్కడ పెట్టాల్సి వస్తుందో తెలియదు. రెండోదే తీసుకున్నాను. ఇత్తడి పట్టా చవక. కానీ మణుగూరు గాలిలో బొగ్గు పొడి ఎంత ఉంటుందో ఇక్కడ బట్టలు ఆరేసుకునేవాళ్లను అడగాలి. ఇత్తడి తొందరగా నల్లబడి కరెంటు అందనివ్వదని విని, నికెల్ కలిసిన తెల్ల పట్టా తెప్పించాను. వంపుల్లో కూడా బిగుతు వంపు వద్దనుకుని, ప్లైవుడ్ పట్టినంత వెడల్పు వంపు ఎంచుకున్నాను. ఆ ప్లైవుడ్ మా భోజనాల బల్లను పూర్తిగా ఆక్రమించింది. మావారు అప్పటినుంచి పళ్లెం ఒళ్లో పెట్టుకుని తిన్నారు.

వైర్ల పని నేనే చేశాను. ఒక పట్టాకు ఎర్ర వైరు, రెండో పట్టాకు నల్ల వైరు. రెండిటికీ కరెంటు డబ్బా నుంచే. దూరం పోయేకొద్దీ ఇంజను నీరసపడుతోందని, ప్లైవుడ్‌కు అక్కడక్కడ కంతలు పెట్టి కిందినుంచి ఇంకో రెండు చోట్ల అవే రంగుల వైర్లు పైకి తెచ్చి అతికించాను. ఎరుపు ఎరుపుకే, నలుపు నలుపుకే. అంతవరకూ బ్రహ్మాండంగా నడిచింది. మణుగూరు అని రాసిన చివర బయలుదేరి, గోదావరి అని నీలం రంగు వేసిన చోటు దాటి, అవతలి అంచున నేను పాత పలక ముక్కలతో కట్టిన అరుగు దాకా పోయి ఆగేది.

ఆగిన తర్వాతే వచ్చింది చిక్కు. తిరిగి రావాలంటే రైలు వెనక్కి నడవాలి.

మా ఇంట్లో బండి వెనక్కి నడవదు. ఎడ్లబండి కాలం నుంచీ అంతే. లోపలికి మొహం పెట్టి వచ్చిన బండి వాకిట్లో చుట్టు తిరిగి, బయటికి మొహం పెట్టే పోవాలి. జీపు కొన్నాక వాకిలి చాలకపోతే, తాత గొడ్లచావిడి గోడ కూలగొట్టించి మరీ దాన్ని తిప్పించాడు. ఆ అరుగు ముందుకు మొదటిసారి వచ్చిన రైలును నేను వెనక్కి నడిపిస్తానా? పట్టాలు గుండ్రంగా కలిపేస్తే సరిపోతుంది కదా అన్నారు మావారు. అది గానుగెద్దు తిరిగినట్టు ఉంటుంది, ఊరికి వచ్చినట్టు ఉండదు అన్నాను.

అందుకని చీలే పట్టా ముక్క ఒకటి తెప్పించాను. గోదావరి దాటగానే దారి రెండుగా చీలుతుంది. రైలు ఒక పాయలో పోయి, అరుగు ముందునుంచి ఊరు చుట్టి, రెండో పాయలోంచి అదే దారిలోకి దిగుతుంది, మొహం మణుగూరు వైపు. కాగితం మీద చూసి నాకే ముచ్చటేసింది. వచ్చే శుక్రవారం ప్రారంభమని, మా రైలు వెనక్కి నడవకుండా ఎలా తిరిగొస్తుందో చూద్దువుగాని రమ్మని, వియ్యపురాలికి కొంచెం గట్టిగానే చెప్పాను.

చుట్టులో ఆఖరి ముక్క బిగించగానే కరెంటు డబ్బా మీద ఎర్ర దీపం వెలిగింది. ఇంజను కదల్లేదు. ఆ ముక్క తీస్తే నడుస్తుంది, పెడితే చచ్చిపోతుంది. షార్ట్ అవుతోందని తెలుసు, ఎక్కడో తెలియదు. వైర్లన్నీ ఊడదీసి మళ్లీ అతికించాను. ఎరుపు ఎరుపుకే ఉంది. బొగ్గు పొడి అనుకుని మావారి పాత పంచె చింపి పట్టాలన్నీ తుడిచాను. డబ్బాను తిట్టాను. శుక్రవారం వచ్చింది, పళ్లెంలో పసుపు, కుంకుమ, కొబ్బరికాయతో వియ్యపురాలూ వచ్చింది.

నడవడం లేదని చెప్పాల్సి వచ్చింది. ఆమె అసలు పట్టించుకోలేదు.

"కొత్త బండికి బొట్టు వెట్టకుంట నడువుమంటే ఎట్ల నడుస్తది, దొరసాని వదినా?" అని కుంకుమ తడిపి పట్టాకు రాయడం మొదలుపెట్టింది. ఇంజనుకు పెడితే చాలన్నాను. వినలేదు. మణుగూరు చివర ఒక పట్టా మీద వేలు పెట్టి, గీత గీసినట్టు రాస్తూ బల్ల చుట్టూ నడిచింది. గోదావరి దాటింది, పాయలోకి పోయింది, అరుగు ముందునుంచి ఊరు చుట్టి, రెండో పాయలోంచి దిగి, మళ్లీ మణుగూరు చేరింది. చేరి, ఆగి, తన వేలు చూసుకుంది.

"గిదేంది వదినా? నేనైతే చెయ్యెత్తలే. గీ పట్టా మీద మొదలువెట్టిన, గా పట్టా మీదికొచ్చిన."

వంగి చూశాను. నిజమే. రెండు పట్టాలూ ఎర్రగా ఉన్నాయి, ఒక్క గీతే. మా ఊరిని చుట్టి వచ్చేసరికి ఎర్ర వైరు పట్టా పోయి నల్ల వైరు పట్టాకే అతుక్కుంది. వాకిట్లో తిప్పడమే షార్ట్. నా మొహం చూసి ఆమె నవ్వింది. ఎందుకో నాకూ నవ్వొచ్చింది. ఇద్దరం కూర్చుని ఆ కొబ్బరికాయ కొట్టుకుని తిన్నాం.

"వెనక్కి నడిపితే ఏంబోతది? ఎవలు సూస్తరు?" అంది తింటూ.

"నేను చూస్తా" అన్నాను.

ఆమె ఇంటికి పోయి కొడుకుకు ఫోన్ చేసింది. ఆదివారం మా అల్లుడు కొత్తగూడెం నుంచి పట్టా ముక్కల్ని కలుపుతూనే కరెంటు దాటనివ్వని ప్లాస్టిక్ జోడింపులు నాలుగు, ఎరుపు నలుపు వైర్లను తారుమారు చేసే ఆరు కాళ్ల స్విచ్చి ఒకటి పట్టుకొచ్చాడు. చుట్టుకు రెండు వైపులా, రెండు పట్టాలకూ ఆ జోడింపులు పెడితే ఊరి కరెంటు వేరు, దారి కరెంటు వేరు అవుతుందట. ఊరికి వైర్లు ఆ స్విచ్చి గుండా పోవాలి. రైలు మొత్తం చుట్టులోకి వచ్చాక స్విచ్చీ, డబ్బా మీది మీటా, రెండూ మార్చి, పాయ మార్చి వదిలితే బయటికి వస్తుంది. చుట్టులో మొత్తం రైలు పట్టాలి గనక అరుగు ముందు ఇంకో తిన్నటి ముక్క కలిపాం.

శుక్రవారం మిగిలిన కొబ్బరి ముక్క నములుతూ అల్లుడు అన్నాడు, "ఇదంత ఎందుకత్తయ్యా, చిన్న కరెంటు బిళ్ల ఒకటి దొరుకుతది. అది వెడితే ఎరుపు నలుపు దానంతటదే మారుతది. రైలు ఆగే పనే లేదు."

"అంటే, ఈ స్విచ్చితో అయితే ఆగాలా?"

"అవ్, ఆగాల్సిందే. ఊళ్లె ఆగి, ఇవన్నీ మారిస్తేనే కదులుతది."

ఆ మాట ఇంకోసారి చెప్పించుకున్నాను. ఆ బిళ్ల నాకు వద్దన్నాను.

సాయంత్రం వియ్యపురాలు వచ్చింది. కొంగున కట్టుకొచ్చిన ఎండుమిర్చి గింజలు నాలుగు అరుగు మీద చల్లింది. కుంకుమంతా తుడిచిన పట్టాల మీద రైలు మణుగూరులో బయలుదేరి, గోదావరి దాటి, ఊళ్లోకి మొహం పెట్టి వచ్చింది. అరుగు ముందు మీట తగ్గించాను. ఆగింది. ఇప్పుడు మీట మార్చాలి, స్విచ్చి మార్చాలి, పాయ మార్చాలి. నేను దేనికీ తొందరపడలేదు.

"ఎవ్వలు దిగలే గదా, వదినా" అంది ఆమె.

"దిగకపోతే మానె. ఆగింది కదా" అన్నాను. ఆమె మిర్చి గింజ ఒకటి మొదటి పెట్టె మీద పెట్టింది. అప్పుడు అవన్నీ మార్చి రైలును వదిలాను. చుట్టు తిరిగి, మొహం ముందుకే పెట్టి వెళ్లిపోయింది.