కొలవకుండా కోయని మునిస్వామి

చందానగర్ మార్కెట్లో ఫొటోలకు ఫ్రేములు కట్టే మునిస్వామి ఏనాడూ కొలవకుండా చెక్క కోసి ఎరుగడు. కాలనీలో ఎవరు పోయినా దండ వేసే ఫొటో అతని దగ్గరే తయారవుతుంది.

ఓ ఉదయం లెక్కల మాస్టారు యజ్ఞనారాయణ తన ఫొటోనే తెచ్చి బల్లమీద పెట్టారు.

"ఫ్రేము కట్టండి. దండకు మేకు కూడా కొట్టండి."

"మీకా సార్?"

"నాకేనండి. మా కాలనీ పెద్దల సంఘంలో డెబ్బై దాటినవాళ్లు పదేళ్ల కిందట ఏడాదికి నలుగురు పోయారు. నిరుడు ఎనిమిది మంది! ఈ భయంతో ఊటీ టికెట్లు రద్దు చేస్తానంటే మా ఆవిడ కనకలక్ష్మి అలిగింది."

మునిస్వామి టేపు పక్కన పెట్టాడు. "డెబ్బై దాటినోళ్లు అప్పుడు మొత్తం ఎంతమంది సార్?"

"నలభై."

"ఇప్పుడు?"

"ఐటీ ఉద్యోగాల్లో ఉన్న పిల్లల దగ్గరికి పెద్దవాళ్లంతా వచ్చేశారు కదండీ. రెండొందల నలభై."

మునిస్వామి చెక్కముక్క మీద పెన్సిలుతో లెక్క వేశాడు. "అప్పుడు పదిమందిలో ఒకరు, ఇప్పుడు ముప్పైమందిలో ఒకరు. లెక్కల మాస్టారై ఉండీ భిన్నంలో కింది అంకె వదిలేసినారే!"

మాస్టారు నాలుక కరుచుకుని, ఆపైన పకపకా నవ్వి ఫొటో జేబులో పెట్టుకున్నారు.

"ఊటీలో అమ్మగారితో కలిసి ఫొటో దిగి రండి సార్. పెద్ద ఫ్రేము కడతా. దండ మేకు మాత్రం కొట్టను" అన్నాడు మునిస్వామి.