సంచిలో తోకలు

ఆ గుట్టను రాయి కోసం పేల్చబోతున్నారు. దాని మీద తప్ప ఎక్కడా లేని రాతిబల్లులను ఎలుకా పిల్లీ లేని దీవికి తరలిస్తున్నారు. పట్టేవాళ్లు ఇద్దరు తోడికోడళ్లు. ఇద్దరికీ మొగుళ్లు లేరు. దీవిలో కాపలాకు ఒక్కరే కావాలి. జీతమూ, ఉండటానికి రేకుల గదీ ఇస్తారు.

బల్లిని నడుము దగ్గర పట్టాలి. బెదిరితే తోక వదిలేస్తుంది. కొత్తచోట తిండి దొరికేదాకా ఆ తోకలోని కొవ్వే దానికి ఆధారం. అందుకే తోక తెగినదాన్ని ఆఫీసరు పడవ ఎక్కించడు. గుట్ట మీదే వదిలేయమంటాడు.

చిన్నామెకు పని నేర్పింది పెద్దామె. ఇప్పుడు పెద్దామె వేళ్లు బిగుసుకుపోయాయి, ఎండెక్కితే గాని వంగవు. తన చేతిలో తోక తెగినవాటిని రాళ్ల కిందికి తోసేసి, తెగనివే సంచిలో వేసుకుంటోంది.

ఆఖరిరోజు చిన్నామె నీళ్లకు వెళ్లింది. పెద్దామె చిన్నామె గుడ్డసంచులను బండమీద పరిచింది. పైనుంచే తడిమి, ఒక్కొక్క తోకనూ బొటనవేలితో నొక్కింది.

ఆఫీసరు సంచులు విప్పాడు. బల్లులు ఒకవైపు, తోకలు ఒకవైపు ఎగిరాయి.

"ఏమ్మా, బల్లుల్ని పట్టావా, బట్టలు పిండావా?"

పెద్దామె ముందుగా నవ్వింది.

"దాని చెయ్యి మొదట్నుంచీ మొరటు సార్. మా మరిది కూడా ఆ చేతిలో నిలవలేదు."

దీవికి పెద్దామెనే ఖాయం చేశాడు.

తోకలేనివాటిని చిన్నామె గుట్ట మీద వదిలి వచ్చింది. మర్నాడు తెల్లవారుతుండగా పెద్దామె మూట తెచ్చి పడవలో పెట్టింది.

"అక్కా, నా చేతిలో తెగితే తోక బయటే పడేది. ముడి వేసిన సంచిలోకి ఎలా వచ్చింది?"

"అయితే పోయి చెప్పుకో."

"చెప్తే నువ్విక్కడే ఉంటావు. పొద్దున్నే నీ జడ నేను వెయ్యాలి, నీ రవిక హుక్కులు నేను పెట్టాలి. పో, ఆ బల్లులతో పెట్టించుకో."

పడవ కదిలాక గుట్ట మీద మొదటి మందు పేలింది.

దీవిలో బల్లులను తెచ్చిన పెట్టెలు తెరిచారు. ఒక బల్లి మూలకు నక్కి రానంది.

"నువ్వు తియ్యమ్మా, నీది మెత్తని చెయ్యి," అన్నాడు ఆఫీసరు.

ఎండ ఇంకా ఎక్కలేదు. పెద్దామె చెయ్యి పెట్టింది. బల్లి రాళ్లలోకి దూరింది.

"వెళ్లిందా?"

"వెళ్లింది సార్."

ఆఫీసరు గది తాళంచెవి అందించబోయాడు. పెద్దామె ఎడమచెయ్యి చాపింది. కుడి గుప్పిట్లో తోక ఇంకా తన్నుకుంటోంది.