వైఫై పెట్టెకు తొడిగిన ముసుగు

ముప్పై ఏళ్లు పిల్లలకు శుభ్రత బోధించిన నేను, నా ఇంట్లోనే చూసిన అసహ్యాన్ని దాచడం న్యాయం కాదని ఇది రాస్తున్నాను.

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా సాగుతున్న రోజులవి. దిల్‌సుఖ్‌నగర్‌లోని మా ఇంటి పైఅంతస్తులో నల్లగొండ నుంచి వచ్చిన కుటుంబం అద్దెకుండేది. మా హాల్లోని వైఫై వారికీ అందాలని మెట్ల గోడకు సిగ్నల్ పెంచే మరో పెట్టె బిగించాను. దుమ్ము పడకుండా, టీవీకి ఉన్నట్టే దానికీ పూలు కుట్టిన గుడ్డ తొడిగించి, ఎవరూ తాకరాదని శాసించాను.

ఒక బంద్ రోజున పైన సిగ్నల్ పోయింది. వారి అమ్మాయి స్వప్న ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌కు కాలేజీలు ఎంచుకోవడానికి అదే ఆఖరి రోజు. నెట్ సెంటర్లన్నీ మూసి ఉన్నాయి.

"మీరే ఏదో కదిలించి ఉంటారు," అన్నాను మెట్లు దిగివచ్చిన ఆమెతో కఠినంగా.

"ముట్టుకుంటే తిడ్తరని దాని దిక్కు సూస్తనే లేం సార్. జర ఆ గుడ్డ తీయుండ్రి," అంది స్వప్న.

"తొడిగించింది మీరేగా, ఆ పిల్లననడం దేనికండీ?" అంది నా భార్య.

గుడ్డ లాగాను. వెచ్చని పెట్టె రంధ్రాల నుంచి బొద్దింకలు గుంపుగా వచ్చి నా చొక్కా చేతిలోకి పాకాయి. లోపలంతా గుడ్లు, మలం, ముక్కిన కంపు. చేయి విదిలించుకుంటూ వెనక్కి గెంతాను.

"పోనీ, కింద మీ హాల్ల కూసొని చేస్కోనా సార్?" అని స్వప్న లాప్‌టాప్ పట్టుకొని భయంగా అడిగింది.

అద్దెవారు మా హాల్లో అడుగుపెట్టకూడదనే ఆ పెట్టె కొన్నానని నాకు అప్పుడు స్పష్టంగా తెలిసింది. ఆ రోజు బొద్దింకలకంటే నా మీద నాకే ఎక్కువ రోత కలిగింది. పక్కకు తప్పుకొని దారి ఇచ్చాను. గడువులోపే ఆమె పని పూర్తయింది.

నా భాషలో గాని, తలపులో గాని దోషముంటే పాఠకులు మొహమాటపడక దిద్దగోరుతున్నాను.