దేవుడి వరసలు

సామ్రాజ్యానికి గాలంటే భయం. అలాంటిలాంటి భయం కాదు, పాకమీద తాటాకు గరగరలాడితే చాలు, చేతిలో గరిటె జారిపోయేది. చుట్టుపక్కల వాళ్ళు వేళాకోళం చేసేవాళ్ళు. డెబ్బై ఏడు ఉప్పెన వాళ్ళూ చూశారు, చూసి మర్చిపోయారు. ఆవిడ మర్చిపోలేదు, అంతే తేడా. ఆ రోజు నెలల పిల్ల సారాను చీరచెంగుతో సరుగుడు చెట్టుకు కట్టేసి, ఆ చెట్టునే కావిలించుకుని నిలబడింది మరి. ఎలా మర్చిపోతుందండీ!

బాపట్లకీ నిజాంపట్నానికీ మధ్య సముద్రపొడ్డున ఇసకమీద వాళ్ళ పాలెం. అంతా లూథరన్ సంఘం వాళ్ళు, సరుగుడు తోటలు కోసి బతికేవాళ్ళు. కోసిన కర్ర తెనాలి కట్టెల అడితికి లారీల్లో పోయేది. ఆవిడ మొగుడు ఎజ్రా కోతమేస్త్రీ. తోటను చెక్కలుగా విడగొట్టి, ఒక చెక్క కోస్తే పక్క చెక్క వదిలేవాడు. కోసినచోట కొత్త మొక్క నడుమెత్తు లేచేదాకా వదిలినదాన్ని ముట్టేవాడు కాదు. మొద్దులు పీకేవాడు కాదు, ఇసకను పట్టి ఉంచేది ఆ వేళ్ళేనని. తోటల ఆసాములు గొణిగేవాళ్ళు. "ఏంటయ్యా, క్షవరం సగం చేసి పొమ్మంటావా?" అనేవాళ్ళు. పక్క ఊళ్ళో నున్నగా గొరిగించి, మొద్దులు కూడా పెకలించి అమ్ముకున్నారు. ఏమైంది? రెండు వేసవులు తిరిగేసరికి ఇసక నడిచొచ్చింది. మంచినీళ్ళకు ఇసకలో తవ్వుకున్న దొరువులు పూడిపోయాయి, వంగతోటలు ఎండిపోయాయి.

పాలేనికీ సముద్రానికీ మధ్య ఇసకగట్టుమీద మాత్రం ఎవరూ గొడ్డలి పెట్టని చెట్లు కొన్ని ఉండేవి. ఉప్పెననాడు వాటి వెనకున్న గుడిసెలే మిగిలాయి, వాటిని పట్టుకున్న మనుషులే మిగిలారు. అప్పటినుంచి వాటికి దేవుడి వరసలని పేరు. సారాను కట్టిన చెట్టూ అందులోదే. గాలికి ఆ వరసలు హోరుమంటుంటేనే సామ్రాజ్యానికి నిద్రపట్టేది. ఆ హోరు వినబడినంతసేపూ సముద్రం అవతలే ఉన్నట్టు లెక్క.

ఎనభై తొమ్మిదిలో వాళ్ళ ప్రార్థన గుడికి తాటాకు తీసేసి పెంకులు వేయించాలన్నారు. దూలాలు కావాలి. సంఘపెద్ద పౌలు తాత లేచాడు.

"దేవుడి వరసలు దేవుడింటికి కాక ఇంకెవరికిరా?"

దేవుడి పెళ్ళికి అందరూ పెద్దలే కదా, తలా ఒకరు తల ఊపారు. పోనీ అంత వెర్రివాళ్ళా? కాదు. మొదటి పండూ మొదటి పంటా గుడికిచ్చే మనుషులు, ఉన్నదాంట్లో మంచిది దేవుడికివ్వాలనుకున్నారు. ఆడవాళ్ళ వైపు నుంచి సామ్రాజ్యం వణుక్కుంటూ లేచింది.

"చెట్టు విడిచి చెట్టు కోయించండి తాతా. సగమన్నా నిలబడి ఉంటాయి."

"దేవుడికివ్వడానికీ బేరమేనా అమ్మాయ్?"

అందరూ నవ్వారు. ఆవిడ కూర్చుంది. ఇంటికెళ్ళాక ఎజ్రా, "నాకు మాత్రం మనసొప్పుతోందా ఏంటే? ఏరి కోస్తాలే. సారా చెట్టు ముట్టుకోను" అన్నాడు. అన్నాడు గాని, లారీవాడు ఈ ఇసకలోకి మళ్ళీ రానన్నాడు. దూలాలకు పోగా మిగిలింది కోతమిల్లు వాళ్ళకిచ్చి, బదులుగా పలకలు కోయించుకోవచ్చన్నారు పెద్దలు. ఒక్కసారే మొత్తం కోసేశారు, సారా చెట్టుతో సహా. ప్రతిష్ఠ భోజనాలకు పొయ్యిలోకని మొద్దులు కూడా తవ్వేశారు. ఆ సాయంత్రం ఎజ్రా పెళ్ళాం మొహం చూడకుండా అన్నం తిన్నాడు.

ఆ రాత్రినుంచి హోరు లేదు. అలల చప్పుడు సరాసరి గుమ్మంలోకొచ్చేది. అన్నంలో ఇసక, పక్కలో ఇసక. దొరువు పూడింది. పోలియో వచ్చిన కాలీడ్చుకుంటూ పన్నెండేళ్ళ సారా వాకిట్లో తిరుగుతుంటే సామ్రాజ్యం పని ఆపి చూసేది. ఈ పిల్ల పరిగెత్తలేదు. ఈసారి కట్టడానికి చెట్టూ లేదు.

తొంభై మే నెలలో రేడియో తుపానంది. "బాపట్ల పోదాం పదయ్యా, ఇప్పుడే" అని ఏడ్చింది. "కొత్త గుడుందిగా, అంత భయమేంటే" అన్నాడు ఎజ్రా. చివరికి ఆవిడ పోరు పడలేక బయల్దేరేసరికి బస్సులు ఆగిపోయాయి. పాలెమంతా గుడిలో చేరింది.

మధ్యాహ్నం దాటాక పెంకులు లేచిపోవడం మొదలైంది. ఇసక సూదుల్లా గుచ్చుతోంది. తర్వాత తలుపు కిందనుంచి నీళ్ళు. మడమలు, మోకాళ్ళు, నడుము. "ఎక్కండి, దూలాలెక్కండి!" అని ఎజ్రా అరిచాడు. సారాను ఎత్తి దూలంమీద కూర్చోబెట్టాడు. సామ్రాజ్యం పైకి పాకి చెంగుతో పిల్లను దూలానికి కట్టింది. చేతులు కొయ్యబారిపోయాయి, ముడి మాత్రం పడింది. కింద మగాళ్ళు తలుపుకు వీపులానించారు. ఎక్కలేని ముసలాడు పౌలు తాత కూడా అక్కడే ఉన్నాడు. తలుపు విరిగింది. "ఎజ్రా, చెయ్యందించరా!" అన్నాడు తాత. ఎజ్రా చేతికి కండువా ఒక్కటే దొరికింది.

తెల్లారి నీళ్ళు తీశాక తాత శవం వంగతోటలో కనబడింది.

ఆదివారం పైకప్పులేని గుడిలో కృతజ్ఞతారాధన. పాస్టరు జార్జి అయ్యగారు పైనున్న దూలాలు చూపించి, "దేవుడి వరసలే మనల్ని మళ్ళీ కాపాడాయి" అన్నారు. అందరూ స్తోత్రం అన్నారు. ఒక్కొక్కరే లేచి సాక్ష్యం చెప్పారు. సామ్రాజ్యం వంతు వచ్చింది.

"నా బిడ్డ బతికిందండి, స్తోత్రం. కాని అయ్యగారూ, ఈ చెట్లు గట్టుమీదుంటే నీళ్ళు ఇక్కడిదాకా వచ్చేవాండీ? ఇప్పుడీ దూలాలు దింపి మళ్ళీ పాతితే చిగురేస్తాయాండీ?"

పౌలు తాత కూతురు కొంగు నోట్లో కుక్కుకుంది.

మర్నాడు ఎజ్రా బాపట్ల పోయి సరుగుడు నారు తెచ్చాడు. దొరువు తిరగదవ్వాడు. చేతులు కాలాక ఆకులే, కాని ఏం చేస్తాడు? గట్టున మొక్కలు నాటుతుంటే సామ్రాజ్యం కుండతో నీళ్ళు మోసుకొచ్చి పక్కన నిలబడింది.

"ఎన్నాళ్ళకు ఆపుతాయయ్యా ఇవి?"

"పెరగాలిగా. ఏళ్ళు పడుతుంది."

"అందాకా?"

ఎజ్రా ఇంకో మొక్క తీసి గుంటలో పెట్టాడు.

సముద్రానికీ వాళ్ళకూ మధ్య జానెడేసి మొక్కలు తప్ప ఏమీ లేవు. ఆ వేసవినుంచి సామ్రాజ్యం చెంగు నడుములో దోపడం మానేసింది. కూలికెళ్ళినా నీళ్ళకెళ్ళినా సారాను వెంట తీసుకెళ్ళేది, చెంగు అందేంత దూరంలోనే ఉంచుకునేది.