తప్పు ఎవరిదన్నారు

నా కూతురు ఐదో తరగతిలో ఉండగా మిర్యాలగూడ బడి నుంచి నాకు పిలుపు వచ్చింది. "ఒక్క నిమిషం కుదురుగా కూర్చోదండీ. చేతిరాత కూడా పాడైపోయింది. ఇంట్లో ఫోన్ బాగా ఇస్తున్నట్టున్నారు," అంది టీచర్. ఆమెది కోదాడ. పిల్ల చేతికి మేం అసలు ఫోనే ఇవ్వం అంటే నమ్మలేదు. అప్పటికే పిల్లని చివరి బెంచీకి మార్చేసింది.

నేరేడుచర్లలో మా ఇంట్లో ఇంకో తీర్పు సిద్ధంగా ఉంది. పిల్ల పెద్దవాళ్లకంటే ఎక్కువ తింటున్నా చిక్కిపోతోంది. ఫ్యాను కింద కూడా చెమటలే. "కడుపుతోని ఉన్నప్పుడు ఆఫీసు ఆఫీసు అని ఉరికినవ్. సక్కగ తినకపోతివి. గందుకే గిట్లయింది," అంది అత్తమ్మ.

"అయితే డాక్టర్ నోటితోనే విందాం పదండి," అన్నాను. ముగ్గురం సూర్యాపేట బస్సెక్కాం.

డాక్టరమ్మ పిల్ల నాడి చూసింది, మెడ తడిమింది, రక్తపరీక్ష చేయించింది. థైరాయిడ్ అతిగా పనిచేస్తోందని తేలింది.

"నా వల్ల వచ్చిందా?" సూటిగానే అడిగాను.

"కాదమ్మా. రోగాలతోని కొట్లాడాల్సిన శక్తే పొరబడి, మెడల ఉండే ఆ గ్రంథిని ఊకె ఉసిగొల్పుతది. అది ఎందుకు మొదలైతదో పూర్తిగ ఎవరికీ తెల్వదు. కొన్ని కుటుంబాలల్ల ఎక్కువ కనిపిస్తది. మీ ఇంట్ల ఎవరికన్న ఉన్నదా?"

లేదనబోయాను. అత్తమ్మ కొంగు మెడ మీదికి లాక్కుంది.

"నాకుండె. పెండ్లయిన కొత్తల. మా అత్త అనరాని మాటలన్నది. అప్పటిసంది ఎవ్వరికీ చెప్పలే."

నా ఒళ్లు మండింది. "మరి నన్నెందుకన్నరు అత్తమ్మా?"

ఆమె కళ్లు తుడుచుకుంది. కోపం తగ్గకపోయినా ఆమె చెయ్యి పట్టుకున్నాను. "మీ తప్పు లేదు. నాదీ లేదు. ఇగ ఈ ముచ్చట మనింట్ల ఖతం."

మర్నాడు రిపోర్టు టీచర్ బల్ల మీద పెట్టాను. "దీన్ని మొదటి బెంచీలో కూర్చోబెట్టండి. ఈ జబ్బుకి చేతులు వణుకుతాయి, రాత వంకరపోతే పోనివ్వండి. బయటికి వెళ్తానంటే పంపండి." ఆమె రిపోర్టు రెండుసార్లు చదివి, పిల్ల సంచీని తనే ముందుకు తెచ్చింది.

మందులు మొదలయ్యాక పిల్ల నెమ్మదిగా తేరుకుంది. ఆ జబ్బుకి ఉబ్బిన కళ్లు మాత్రం ఇంకా కొంచెం పెద్దగా కనిపించేవి. ఒక పెళ్లిలో చుట్టాలావిడ, "అయ్యో, ఎవరి దిష్టి తగిలిందే?" అని బుగ్గలు నొక్కుకుంది.

నేను నోరు తెరిచేలోపే నా కూతురు అంది: "దిష్టి కాదు, థైరాయిడ్. మా నాయనమ్మక్కూడ ఉండె."

అత్తమ్మ తల దించుకోలేదు. "అవును, ఉండె," అంది.