కర్పూరం ఆర్పిన చెయ్యి

ఇరవై ఏళ్ళు పైబడింది. ఈ మాట నా నోట్లోనే ఉంది. అన్నం తింటున్నా ఉంది, గుళ్ళో హారతి కళ్ళకద్దుకుంటున్నా ఉంది, మనవణ్ణి నిద్రపుచ్చుతున్నా ఉంది. ఒక్కోసారి పళ్ళ దాకా వస్తుంది. మింగేస్తాను. మింగడం అలవాటైంది గానీ బరువు తగ్గలేదు, వయసుతో పాటు అదీ పెరిగింది. ఇక మొయ్యలేక రాస్తున్నాను.

మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలుగులో ఎందుకు రాస్తున్నానో కూడా చెప్పేస్తాను, దాచి లాభం లేదు. ఇక్కడ నన్నెరిగినవాళ్ళలో ఈ అక్షరాలు చదవగలిగినవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు. నా పిల్లలకీ రావు. దక్షిణాఫ్రికాలో ఈ నేటాల్లో పుట్టిపెరిగిన తెలుగువాళ్ళం మేము అమ్మోరికీ, అంబలికీ, తిట్లకీ మాత్రం తెలుగు ఉంచుకున్నాం, తక్కిందంతా ఇంగ్లీషే. కాబట్టి దీన్ని ధైర్యం అనుకోకండి. తలుపులన్నీ వేసుకుని అరవడం లాంటిదిది.

ఈ అక్షరాలు నాకు నేర్పింది ఆయనే. నేను ముంచింది కూడా ఆయన్నే.

మా ఊరి పేరు రాయను. షాకాస్‌క్రాల్ దాటాక చెరుకు తోటల మధ్య ఉంటుంది. ఊరందరికీ ఆయన రాములు. నాకు రాములు మావ. రక్తసంబంధం ఏమీ లేదు, మిల్లువాళ్ళ రేకుల ఇళ్ళలో పక్కపక్కన ఉన్నందుకు మా అమ్మ ఆయన్ని అన్నా అనేది. ఆయన మిల్లులో లారీ నడిపేవాడు. ఆదివారం పొద్దున్న గుడి హాల్లో మమ్మల్ని పదిమందిని కూర్చోబెట్టి పలకల మీద అక్షరాలు దిద్దించేవాడు. అందరూ బిస్కెట్ల కోసం వెళ్ళేవాళ్ళు. నేనూ బిస్కెట్ల కోసమే వెళ్ళాను. నాకు మాత్రం చదువు పట్టుకుంది. ఇండియా నుంచి ఎవరు వచ్చినా వాళ్ళని బతిమాలి తెప్పించిన పుస్తకాలు నాకే ఇచ్చేవాడు.

రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన ఎడారిలో సైన్యానికి లారీ తోలాడు. అది ఊరందరికీ తెలుసు. ఏటా నవంబరులో, చనిపోయిన సైనికుల స్తంభం దగ్గర పూలు పెట్టే రోజున, యుద్ధం చూసిన ముసలాళ్ళందరూ గుండె మీద పతకాలు పెట్టుకుని నిలబడేవాళ్ళు. ఈయన ఒట్టి కోటుతో వచ్చేవాడు. అడిగితే "పోనాయి" అనేవాడు.

పోలేదు. అప్పట్లో మా ఇంట్లోనే ఉండేవి, అమ్మోరి పటం వెనక, టీపొడి డబ్బాలో.

పతకం అంచున సిపాయి నంబరూ పేరూ చెక్కి ఉంటాయి. ఆ పేరు రాములు కాదు, అప్పలస్వామి. విజయనగరం వైపు పల్లెటూరివాడు. యుద్ధం అయ్యాక ఓడలో పనికి కుదిరి, డర్బన్ రేవులో దిగి, మళ్ళీ ఎక్కలేదు. అప్పట్లో ఇండియా నుంచి వచ్చి ఇక్కడ ఉండిపోవడానికి వీల్లేదు. చెరుకు తోటలో ఒక ముసలి దంపతుల కొడుకు జ్వరంతో పోయాడు. ఆ చావు వాళ్ళు ఎక్కడా రాయించలేదు. కొడుకు పేరూ కాగితాలూ ఈయనకిచ్చి, ఇంట్లో పెట్టుకున్నారు. ఈయన వాళ్ళని చివరిదాకా చూసుకుని ఇద్దరికీ తలకొరివి పెట్టాడు. అరువు పేరు పిల్లలకెందుకని పెళ్ళి చేసుకోలేదు.

ఒకప్పుడు పోలీసులు ఇల్లిల్లూ వెతుకుతున్నారని తెలిసి ఆ డబ్బాని మా ఇంటికి పంపించాడు. తెచ్చింది బెకి. బెకి జూలూ మనిషి. మావ నడిపే లారీలో ముప్పై ఏళ్ళు పక్క సీట్లో కూర్చున్నవాడు. మావకి అన్నదమ్ముడైనా, ఇంటివాడైనా అతనే. అన్నం డబ్బాల సంచీలో అడుగున పెట్టి తెచ్చాడు. అతని ఎదురుగానే అమ్మ మూత తీసింది, నేను అంచు మీద పేరు చదివి వినిపించాను. అలా మావ కాకుండా ఆ పేరు తెలిసినవాళ్ళం ముగ్గురం అయ్యాం. అమ్మ, నేను, బెకి.

తర్వాత తెల్లవాళ్ళ పాలన పోయి దేశం మారింది. అందరికీ ఓటు వచ్చింది. మా ఊరికి ఎన్నికలొచ్చినప్పుడు మావా బెకీ ఇద్దరూ నిలబడి గెలిచారు. డెబ్బై దాటిన మనిషి మేయరయ్యాడు, బెకి ఆయనకి డిప్యూటీ అయ్యాడు. నేను అదే ఆఫీసులో టైపిస్టుని. మొదటి రోజు మేయరు గొలుసు మెడలో వేస్తే మావ ఇబ్బందిగా నవ్వి, బరువుగా ఉందే అన్నాడు. ఆ రోజు నాకెంత గర్వంగా ఉందో! అది కూడా నిజమే. అదీ రాయాలి.

మొదట చేపట్టింది కొత్త ఇళ్ళు. నేను భర్త పోయినదాన్ని, ఇద్దరు పిల్లలు, అమ్మ. మా రేకుల ఇంట్లో వానొస్తే అమ్మ మంచం మీద గొడుగు విప్పేవాళ్ళం. అమ్మకి ఆయాసం. వెళ్ళి అడిగాను. ఏం అడిగాను? మావా, మొదటి జాబితాలో అమ్మ పేరు పెట్టు, అంతే. ఆయన పెట్టలేదు. పార్టీల కొట్లాటల్లో ఇళ్ళు తగలబడినవాళ్ళకి ముందు, మనకి రెండో విడత అన్నాడు. మనవాళ్ళని ముందు పెడితే నాకీ కుర్చీ ఎందుకన్నాడు. న్యాయమైన మాటే. నాకప్పుడే తెలుసు న్యాయమని. తెలిసీ మండిపోయాను.

అమ్మ రెండో విడత దాకా ఆగలేదు. డిసెంబరు వానల్లో పోయింది. శవాన్ని ఎత్తుకున్నవాళ్ళలో మావ ముందున్నాడు. అందరికంటే ఎక్కువ ఏడ్చాడు. ఆ ఏడుపు చూస్తుంటే నాకు ఒళ్ళంతా కారం రాసినట్టయింది.

పెద్దకర్మ అయిన మర్నాడు డబ్బా తెరిచాను. నంబరూ పేరూ కాగితం మీద ఎక్కించుకున్నాను. మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళినప్పుడు, ఆఫీసు టైపు మిషను మీదే పేపరువాళ్ళకి నాలుగు లైన్లు కొట్టాను. మీ మేయరు ఈ దేశంవాడు కాడు, ఆయన పేరు ఆయనది కాదు, ఇదిగో నంబరు, సైన్యం వాళ్ళని అడిగి చూసుకోండి. సంతకం లేదు. రవికె గుడ్డ కొనాలని చెప్పి టాక్సీ ఎక్కి వెరులం పోయి, అక్కడ పోస్టు చేశాను. రవికె గుడ్డ కూడా కొన్నాను, ఆకుపచ్చది. ఇప్పటికీ కుట్టించలేదు.

దుఃఖంలో చేశాననుకోవాలని ఎన్నిసార్లు ప్రయత్నించానో. దుఃఖమైతే ఒక్క అక్షరమైనా తప్పు పడదూ? పడలేదు. ఆ నాలుగు లైన్లు కొడుతుంటే నాకు హాయిగా ఉంది. పోతే కుర్చీ పోతుంది, ఆ మాత్రం పోవాల్సిందే అనుకున్నాను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటే ఏమిటో చిన్నప్పుడు ఆయనే నాకు పలక మీద రాయించి అర్థం చెప్పాడు.

పేపర్లో వచ్చింది. నంబరుతో సహా వచ్చింది. ఆ శుక్రవారం మధ్యాహ్నం మావ మా ఇంటికొచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. అమ్మోరి పటం వైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఓలమ్మీ, ఆ నంబరు సూసినోలం నలుగురం. మీ అమ్మ పోనాది. నా మీద నాను రాసుకోను. ఇంక నువ్వూ, బెకీ."

నేను కుర్చీ ఆయన వైపు జరిపాను.

"ఇళ్ళు అయిపోనాక నానే సెప్పీసుందును. ఒరే, నాను అప్పలస్వామిని అని అందరి ముందూ సెప్పి దిగిపోదుననుకున్నాను. ఈలోపే అయిపోనాది." పటం మీంచి కళ్ళు తిప్పి నన్ను చూశాడు. "అడక్కపోతే నాకు బుర్ర తిరిగిపోతంది. నువ్వేనా?"

"నాను కాదు మావా."

"కోపం ఉంటే ఉన్నాదని సెప్పు. అమ్మకి ఇల్లు ఇవ్వనేదని ఉంతాది కోపం. ఉండదేటి? నాను తిట్టను. ఏటీ అనను."

ఇది నాకు నిద్రపట్టనివ్వని మాట. తలుపు తీసి పెట్టి, లోపలికి రమ్మన్నాడాయన. ఒక్క మాట అంటే సరిపోయేది. కాళ్ళ మీద పడినా సరిపోయేది. ఆయన నన్ను క్షమించేవాడు కూడా, అది నాకు తెలుసు. క్షమిస్తాడనే భయం వేసిందా? ఆ మంచితనం కింద బతకాల్సి వస్తుందనా? ఏమో. ఇన్నేళ్ళుగా నన్ను నేనే అడుగుతూ ఉన్నాను.

ఆయన ఒట్టు అడగలేదు. నేనే పటం ముందు పళ్ళెంలో కర్పూరం పెట్టి వెలిగించాను. మా వాళ్ళలో కర్పూరం ఆర్పి ప్రమాణం చేస్తే ఇక ఆ మాట ఎత్తకూడదు. ఆర్పినవాళ్ళని అనుమానిస్తే పాపం అనుమానించినవాళ్ళది. యాభై ఏళ్ళు కాగితాల్లో అబద్ధంగా బతికిన మనిషి, ఆ ఒట్టు మాత్రం అబద్ధం కాదని నమ్మేవాడు.

"వద్దే, సెయ్యి కాలతాది" అంటూ ముందుకొచ్చాడు. అప్పటికే అరచేయి మంట మీద వేసి అదిమేశాను. నాను రాసుంటే అమ్మోరు నా కళ్ళు తీసుకోవాల అన్నాను.

ఆయన ముఖం మారిపోయింది. నా తల మీద చెయ్యి పెట్టాడు. "తప్పయిపోనాది అమ్మీ, నిన్నడిగినందుకు" అన్నాడు. డబ్బా తీసుకుని, గుమ్మం దగ్గర ఆగి, నాతో కాదు, ఎవరితోనూ కాదు, "అయితే బెకీ" అన్నాడు.

అప్పుడైనా పిలవచ్చు. వీధి చివరి దాకా నడిచాడు, ముసలి నడక, ఎంతసేపు పడుతుంది! గుమ్మంలో నిలబడి చూశాను. పిలవలేదు.

తర్వాతంతా తొందరగా జరిగింది. మావ రాజీనామా చేశాడు. ప్రభుత్వంవాళ్ళు ఫైలు తెరిచారు, నువ్వెవరో రుజువు చేసుకోమన్నారు. ఓడ ఎక్కించి వెనక్కి పంపేస్తారేమోనని ఆ వయసులో ఆయన పెట్టె సర్దుకుని ఉంచుకున్నాడని విన్నాను. బెకి వెళ్ళి తలుపు కొడితే తియ్యలేదు. ఒకసారి కాదు, చాలాసార్లు. మాట ఊళ్ళో పాకింది. ఆ రోజుల్లో ఇంపింపి అనే మాట పడితే మనిషి పని అయిపోయినట్టే. ద్రోహి అని అర్థం. బెకి ఇంటి అద్దాలు పగలగొట్టారు. పదవి వదిలి, పెళ్ళాం బిడ్డలతో డర్బన్‌లో మొబేని పోయి, ఏదో గోడౌన్‌లో కాపలాకి కుదిరాడు.

కాలిన అరచేయి నాలుగు రోజుల్లో మానిపోయింది. పెనం తగిలిందని ఆఫీసులో చెప్పాను. రోజూ పొద్దున్న లేవగానే చేత్తో కళ్ళు తడుముకునేదాన్ని. చూపు అలాగే ఉండేది. ఇప్పటికీ ఉంది, సూదిలో దారం అద్దాల్లేకుండా ఎక్కిస్తాను. అమ్మోరు నన్నేమీ అనలేదు. వినలేదేమో. లేదా చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయిందేమో. నేను దీపం పెట్టడం మానలేదు, కానీ అటు చూసి ఏమీ అడగను.

కొన్ని వారాల తర్వాత రెండో విడత జాబితా శుభ్రంగా కొట్టమని నా టేబుల్ మీద పడేశారు. దిగిపోకముందు రాసిన మావ చేతిరాత. అమ్మ పేరు రెండో లైన్లో ఉంది. దాని పక్కన పెన్సిలుతో, తల్లి లేకపోతే కూతురికి, అని రాసి నా పేరు వేసి ఉంది. కొట్టాను. నా పేరు నా వేళ్ళతోనే కొట్టాను. ఇప్పుడు ఆ ఇంట్లోనే కూర్చుని రాస్తున్నాను. కప్పు కారదు.

ఏడాది తిరక్కుండా మావ పోయాడు. ఫైలు తేలలేదు. ఏ పేరుతో దహనం చెయ్యాలో గుడివాళ్ళు గంటసేపు వాదించుకున్నారు. బెకి వచ్చాడు, టోపీ చేత్తో పట్టుకుని. శ్మశానం గేటు దగ్గర మనవాళ్ళు లోపలికి రానివ్వలేదు. నేను పూలపళ్ళెం పట్టుకుని పది అడుగుల దూరంలో ఉన్నాను. అతను నన్ను చూశాడు.

అప్పుడు నాకు తట్టింది. అతనికి తెలుసు. మొదటి రోజు నుంచీ తెలుసు. ముగ్గురిలో ఒకరు చనిపోయి, తను కాకపోతే, మిగిలింది ఎవరు? ఎవరికైనా చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. ఆ రోజు కూడా నోరు విప్పలేదు. పొగ లేచేదాకా గేటు బయట నిలబడి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఎందుకు చెప్పలేదు? నా పిల్లల మొహం చూసా? మావ ఒక్కసారి కూడా తనని నేరుగా అడగలేదన్న అవమానంతోనా? ఇక అడగడానికి అతనూ లేడు.

బెకి కూతురు ఇప్పుడు వెరులంలో మందుల షాపులో పని చేస్తోంది. నా బీపీ మాత్రలు ఆ పిల్ల చేతి మీదుగానే వస్తాయి. నన్ను గోగో అంటుంది, అవ్వా అని. పోయిన నెల మాత్రలు ఇస్తూ, చివరి రోజుల్లో నాన్న మిమ్మల్ని తలుచుకునేవాడు, ఆమె బాగుందా అని అడిగేవాడు అంది.  వెనక లైను ఉంది. సంచీ తీసుకుని వచ్చేశాను. ఆమెకి చెప్పడానికి జూలూలో రెండు ముక్కలు చాలు, అవి నాకు బాగా వచ్చు.

చెప్పలేదు. రేపు చెబుతానని మీకు మాటివ్వను. నా మాట ఎలాంటిదో చూశారు కదా.

ఆ కాగితం మీద నా పేరు పెట్టలేదు. దీని మీదా పెట్టడం లేదు. మారానని ఎలా చెప్పుకోను? క్షమించమని ఎవరినడగాలో కూడా తెలీదు, అడగాల్సిన ఇద్దరూ మట్టయిపోయారు. ఒక్కటి మాత్రం ఉంది. ఆ మధ్యాహ్నం మావ నన్నొక మాట అడిగాడు, దానికి జవాబు నా దగ్గరే ఉండిపోయింది. ఆయన దిద్దించిన అక్షరాల్లోనే ఇక్కడ పెట్టేస్తాను. ఇంతసేపటికి ఊపిరి కాస్త ఆడుతోంది.

నువ్వేనా అని అడిగావు.

నానే మావా. బెకి కాదు. నానే.