నీళ్లు ఆపిన తల్లి

కళ్యాణదుర్గానికి పన్నెండు కిలోమీటర్ల దూరంలోని ఒక ఊళ్లో ఆంజినమ్మ పదకొండేళ్లుగా ఆశా కార్యకర్త. ఊళ్లో అందరికీ ఆమె ఆశమ్మ. గర్భిణుల పేర్లు రాసుకోవడం, టీకాల రోజు పిల్లల్ని పోగుచేయడం, కాన్పులకు ఆసుపత్రికి వెంట పోవడం ఆమె పని. ఎండాకాలం వచ్చిందంటే ఆమెకు భయం. బోర్లు ఎండిపోతాయి. ట్యాంకరు నీళ్లు డ్రమ్ముల్లో వారాల తరబడి నిలవ ఉంటాయి. పసిపిల్లలకు విరేచనాలు పట్టుకుంటాయి.

ఆమెకూ ఒక కూతురు పుట్టింది, వన్నూరమ్మ. మొగుడితో కలిసి బళ్లారి వైపు రాళ్ల పనికి పోయిన రోజుల్లో, ఏడాది నిండకుండానే ఆ పాప పోయింది. ఎవరైనా అడిగితే జ్వరమొచ్చి పోయిందని చెప్పేది. నిజానికి పాపకు విరేచనాలు. తాగేకొద్దీ ఇంకా ఎక్కువవుతాయని అత్త అంటే నమ్మి, రెండు రోజులు పాలూ నీళ్లూ ఆపింది ఆంజినమ్మే. తర్వాత ఎన్నో ఏళ్లకు ఆశా శిక్షణలో, విరేచనాలైతే నీళ్లు ఇంకా ఎక్కువ తాపాలన్న పాఠం విన్నప్పుడుగానీ తానేం చేసిందో ఆమెకు తెలియలేదు. ఆ రోజు తరగతి మధ్యలో లేచి బయటికి పోయింది. ఎందుకని అడిగితే ఎండదెబ్బ అంది.

పోయిన ఏప్రిల్లో నారాయణమ్మ మనవడికి విరేచనాలు మొదలయ్యాయి. ఎనిమిది నెలల బిడ్డ. తండ్రి రామాంజులు బెంగళూరులో సెంట్రింగు పనికి పోయాడు. ఇంట్లో నారాయణమ్మ, కోడలు జ్యోతిలక్ష్మి మాత్రమే ఉన్నారు. రెండో రోజు సంగతి తెలిసి ఆంజినమ్మ వెళ్లేసరికి బిడ్డ కళ్లు గుంతలు పడ్డాయి. ఏడిస్తే కన్నీళ్లు రావడం లేదు.

"వీనికి నీళ్లు యాల తాపిచ్చలేదు?" అని అడిగింది.

"పోసింది పోసినట్ల పోతాంటే ఇంగా యాడ పోసేది? కడుపు ఎండితే బేదులు అవే కట్టుకుంటాయి," అంది నారాయణమ్మ. "అయిదుమందిని సాకినా నేను. నువ్వు నాకు చెప్పాకు."

ఆంజినమ్మ సంచిలోంచి బొమ్మల కార్డు తీసి, అందులో రాసింది రాసినట్టు చదివింది. జ్యోతిలక్ష్మి విన్నదిగానీ, అత్త ముఖం చూస్తూ నిలబడిపోయింది. ఆ పిల్ల చేతిలో ఓఆర్ఎస్ ప్యాకెట్టు పెట్టి, ఆసుపత్రికి పోవాలని గట్టిగా చెప్పి, ఆంజినమ్మ ఆటో కోసం పరుగెత్తింది. ఆటో దొరికేసరికి గంట పట్టింది. ఈలోగా జ్యోతిలక్ష్మి అత్త చూడకుండా ఆ పొడి కలిపి నాలుగు చెంచాలు తాపించింది. ఆటోలో ఆంజినమ్మ చెంచాతో పోస్తూనే ఉంది. నీళ్లు బిడ్డ పెదవుల పక్కనుంచి కారిపోయాయి. కళ్యాణదుర్గం చేరకముందే తల్లి ఒళ్లో ప్రాణం పోయింది.

మూడు రోజులకు ఊళ్లో మాట మారింది. "ఆశమ్మ పొడి తాపిచ్చినంక పోయినాడంట" అనుకున్నారు. ఆమె ఇచ్చిన ప్యాకెట్లు దిబ్బల్లో కనిపించాయి. టీకాల రోజు నలుగురు తల్లులే వచ్చారు. పైఅధికారి ఫోన్ చేసి, ఊళ్లో మీటింగు పెట్టి కార్డు మళ్లీ చదవమంది. ఎవరికి చదవాలి? పదకొండేళ్లుగా కోడళ్లకే చదువుతోంది. ఏ ఇంట్లోనైనా బిడ్డ నోట్లో ఏం పోయాలో చెప్పేది అత్తలే.

ఆ అత్తలంతా ట్యాంకరు దగ్గర కలుస్తారు. ఒక పొద్దున బిందెల వరుస పక్కన నిలబడి ఆంజినమ్మ నోరు విప్పింది.

"నా బిడ్డ జ్వరంతో పోలేదు. బేదులై పోయింది. నీళ్లు నేనే నిలిపినా. బిందె పక్కనే ఉన్న్యాది. నోరు తెరిచి అడుగుతాంటే మొగం తిప్పుకున్న్యా. నాలిక ఎండి మొద్దుబారిపోయినాది. నా బిడ్డను నేనే సంపుకున్న్యా."

ఒకామె బిందె నిండి పొర్లుతున్నా పైపు తీయలేదు. నారాయణమ్మ కూడా ఆ వరుసలోనే ఉంది. సగం నిండిన బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది.

పది రోజుల తర్వాత ఆ రోజు బిందెల వరుసలో ఉన్న సుశీలమ్మ కబురు పెట్టింది, మనవరాలికి విరేచనాలని. ఆంజినమ్మ పోయి, కాచి చల్లార్చిన నీళ్లలో పొడి ఎలా కలపాలో చెబుతూ ఆ ముసలామె చేతనే కలిపించింది. సుశీలమ్మ పొద్దుగూకేదాకా చెంచా చెంచాగా పోసింది. పాప బతికింది. తర్వాత ఇంకో రెండిళ్ల నుంచి పిలుపు వచ్చింది.

జ్యోతిలక్ష్మి కదిరి దగ్గరి పుట్టింటికి పోయి మళ్లీ రాలేదు. జూన్‌లో ఒకరోజు నారాయణమ్మ వీధిలో ఆంజినమ్మను ఆపింది.

"నేను నీళ్లు తాపిచ్చింటే వాడు బతికేటోడా?"

అబద్ధం చెబుదామనిపించింది ఆంజినమ్మకు. చెప్పలేకపోయింది. "బతికేటోడక్కా."

నారాయణమ్మ ఇంకో అడుగు దగ్గరికి వచ్చింది. "ఆ పొద్దు నా ఇంట్లో కార్డు సదివితివి గానీ, నీ బిడ్డ సంగతి యాల చెప్పలేదు? చెప్పింటే వినింటి గదా."



ఇప్పుడు ఏ ఇంట్లో బిడ్డ పుట్టినా, కార్డు తీయకముందే ఆమె ఆ ఇంటి పెద్దామెను కూర్చోబెట్టి వన్నూరమ్మ గురించి చెబుతుంది. చెప్పిన ప్రతి రోజూ ఆమెకు అన్నం సయించదు.